మంచు దేశములో మొదటి చలికాలము



1979, 1980 సంవత్సరములలో వియత్నాం, కంబోడియా, లావోస్ దేశముల నుండి సుమారు 60,000 మంది శరణార్థులు కెనడా చేరిరి. వారిలో సగముకంటె ఎక్కువమందిని క్రైస్తవ సంఘములు, సామాన్య పౌరులు పూనుకొని పిలిపించుకొనిరి. ఒక సంవత్సరము ఇల్లు, తిండి, బట్టలు చూచిరి.

ఉన్నికోటు ఇచ్చుట సులభమే. విన్నిపెగ్ పట్టణమున జనవరి రాత్రులు సున్నాకు 20 డిగ్రీలు దిగువ. డిసెంబరులో ఐదు గంటలు కాకముందే ప్రొద్దు గ్రుంకును. తండ్రి పనికి, పిల్లలు బడికి పోవుదురు. భాష రాని తల్లియే తలుపులు బిగించిన గదిలో మిగులును. ఆమెకు బస్సు ఎక్కుట, మంచులో నడచుట నేర్పి, వారము వారము తలుపు తట్టినవారే అసలు ఆతిథ్యము చేసిరని నా తలంపు.

మన బిడ్డలు, కోడండ్రు ఇప్పుడు అట్టి చోట్లకే వెళ్లుచున్నారు. సభ్యత్వ పత్రము చేతికిచ్చి ఊరకుండక, అక్కడి సంఘమునకు ముందుగానే ఉత్తరము వ్రాయుదము: మొదటి చలికాలములో ఆ యింటికి ఎవరైన ఒకరు వెళ్లవలెనని.