తెగిన గొలుసు, నిలవాల్సిన విద్య

పాత నగను బాగుచేయడం చాలాసార్లు కొత్త నగ చేయడంకన్నా కష్టం. కొత్తదానిలో బంగారం వన్నె, రాళ్ల రకం, అతుకుల చోటు చేసేవారికి ముందే తెలుసు. పాతదానిలో అవన్నీ చూసి పట్టుకోవాలి. నగల తయారీలో పట్టా అందుకునే విద్యార్థులు అవుసుల పనిలో ముందుగా నిలుపుకోవలసింది ఈ మరమ్మతు విద్యే.

తెగిన పుస్తెలతాడునే తీసుకుంటే, ముందు తూకం వేసి, గీటురాయి మీద గీసి వన్నె చూస్తారు. కుంకుడు రసంతో మురికి వదిలించి, తెగిన కొసలను ఆకురాయితో సమం చేసి, వెలిగారం రాస్తారు. వేడికి లోహం మీద ఆక్సైడు పొర కట్టకుండా, కరిగిన టంకం సందులోకి పారేలా చూసేది వెలిగారమే. నగకన్నా తక్కువ వేడికి కరిగే టంకం ముక్క పెట్టి, ఊదుగొట్టంతో మంటను అక్కడికే మళ్లిస్తారు. ఊపిరి కాస్త ఎక్కువైతే పక్క లింకూ కరుగుతుంది. ముత్యాలు, పచ్చలు వేడికి పాడవుతాయి కనుక ముందే విప్పుతారు. లక్క నింపిన నగకు మంట తగలనివ్వరు.

పాత పద్ధతులన్నీ ఉంచుకోదగినవి కావు. కేడీఎం నగల టంకంలో కలిపిన కాడ్మియం 767 డిగ్రీలకే మరిగి ఆవిరవుతుంది. అందువల్ల అతుకు దగ్గర వన్నె తగ్గేది కాదు గానీ, ఆ పొగ పనివారి ఊపిరితిత్తులకు, మూత్రపిండాలకు చేటు. ఇప్పుడు జింకు, ఇండియం కలిపిన టంకాలు, లేజర్ వెల్డింగ్ ఉన్నాయి.

ఈ వృత్తికి పెద్ద దెబ్బ 1963 జనవరిలో తగిలింది. బంగారు నియంత్రణ నిబంధనలు 14 క్యారెట్లు మించిన నగల తయారీని నిషేధించడంతో ఎందరో కంసాలులు పని కోల్పోయారు. ఆ పరిమితి తర్వాత సడలినా, 1968 నాటి నియంత్రణ చట్టం 1990 దాకా సాగింది. నేటి పోటీ యంత్రాలతో. శంషాబాద్ విమానాశ్రయానికి దగ్గర్లోని రావిర్యాలలో రత్నాభరణాల ప్రత్యేక ఆర్థిక మండలి (సెజ్) ఉంది. అలాంటి చోట్ల అచ్చుపోతతో ఒకే నమూనా నగలు వందల్లో తయారవుతాయి. విరిగిన నగను మార్చుకుంటే తరుగు పోతుంది, కొత్తదానికి మజూరీ, 3 శాతం జీఎస్టీ పడతాయి. పాత పనితనం మూసలో కరిగిపోతుంది.

2023 సెప్టెంబర్ 17న మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలోని 18 వృత్తుల్లో స్వర్ణకార వృత్తి ఒకటి. శిక్షణ, పనిముట్లకు 15,000 రూపాయల సాయం అందులో ఉన్నాయి. చేతి నేర్పు మాత్రం పెద్ద పనివారి పక్కన కూర్చుంటేనే పట్టుబడుతుంది. ప్రతి మరమ్మతుకూ ముందు వెనుకల తూకం, రాళ్ల లెక్క, వాడిన టంకం, ఫొటో రాతలో ఉంచితే ఖాతాదారుకు నమ్మకం కుదురుతుంది, తర్వాత నేర్చుకునేవారికి అదే పాఠమవుతుంది.