రాయని షరతు



ఈ ఉపన్యాసం ఎవరి స్మృతిలో జరుగుతోందో అధ్యక్షులవారు ఇప్పుడే చెప్పారు. నాకు ఆయన మొదటి రోజు నుంచీ మాస్టారే. ఇవాళ కూడా ఆ మాటతోనే పిలుస్తాను. ఆయన దగ్గర ప్రభుత్వ పాలనా శాస్త్రంలో పరిశోధన చేసినవాళ్లందరికీ ఒక ప్రశ్న బాగా గుర్తుండి ఉంటుంది. మనం ఎంత బాగా వాదించినా ఆసాంతం ఓపికగా వినేవారు. విని, "బాగుంది, కాగితం ఏదీ?" అనేవారు. కాగితం లేకపోతే ఆ అధ్యాయం మళ్లీ మొదటికొచ్చేది.

ప్రభుత్వమూ ప్రైవేటు సంస్థా కలిసి ఒక పని తలపెడితే ఏమవుతుంది, దాని గురించి విశ్వవిద్యాలయాలు ఇప్పటికి ఏం తెలుసుకున్నాయి అన్నది నాకిచ్చిన విషయం. దీన్ని మాస్టారి ఊరి నుంచే మొదలుపెడతాను. ఆ ఊరు కె.సి. కాలువ కింద ఉంది.

కర్నూలు–కడప కాలువ సుంకేశుల దగ్గర తుంగభద్రలో పుట్టి కడప దాకా మూడు వందల కిలోమీటర్లకు పైగా సాగుతుంది. ధవళేశ్వరం ఆనకట్ట కాటన్ దొరదని పిల్లలకు కూడా తెలుసు. ఈ కాలువ వెనక ఉన్నదీ ఆయన ప్రోద్బలమేనని తక్కువమందికి తెలుసు. ఆ రెండు పనులూ నడిచిన తీరు మాత్రం పూర్తిగా వేరు. ధవళేశ్వరం ఆనకట్టను 1847లో మొదలుపెట్టి 1852 నాటికి ముగించారు. సొమ్ము సర్కారుది, ఇంజినీర్లు సర్కారువాళ్లు. కె.సి. కాలువను తవ్వించింది 1858లో లండనులో ఏర్పడిన మద్రాసు ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ. డబ్బు వాటాదారులది. అయితే పది లక్షల పౌండ్ల పెట్టుబడి మీద ఏటా 5 శాతం వడ్డీకి సర్కారు హామీ ఇచ్చింది. రైలు మార్గాలకు అప్పట్లో ఇస్తున్న పద్ధతే ఇది. నేడు మనం ప్రభుత్వ–ప్రైవేటు భాగస్వామ్యం అని పిలుచుకుంటున్నది మన రాయలసీమకు నూట అరవై ఏళ్ల కిందటే వచ్చిందన్నమాట.

ఆ హామీ ఏం చేసిందో చూడండి. కాలువలో నీళ్లు పారినా పారకపోయినా లండనుకు వడ్డీ పారుతుంది. ఇక వాటా కొన్నవాడికి కాలువ కింద భూమి ఎలాంటిది, రైతు ఏ పంట వేస్తాడు అన్న ఆరా ఎందుకుంటుంది? ఆ నేలలో చాలా భాగం నల్లరేగడి. అది తేమను పట్టి ఉంచుతుంది. నాలుగు వానలు పడితే జొన్న పండుతుంది. అలాంటి ఏడు రైతు కాలువ నీరు అడగడు, నీటి తీరువా కట్టడు. వానలు మొండికేసిన ఏడే కాలువ వైపు చూస్తాడు. గోదావరి డెల్టాలో వరి రైతుకు నీరు ఏటా కావాలి, ఇక్కడ ఎప్పుడో ఒక ఏడు కావాలి. ఈ ఒక్క తేడా కంపెనీ లెక్కను తలకిందులు చేసింది. 1863లో మొదలైన తవ్వకం 1870 ప్రాంతానికి ఒక కొలిక్కి వచ్చేసరికి ఖర్చు అంచనాలు దాటిపోయింది. మధ్యలో సర్కారే కంపెనీకి అప్పు పెట్టింది. చివరికి 1882లో కాలువను సర్కారే కొనుక్కుంది.

సర్కారు కడితే మంచిదని, కంపెనీ కడితే చెడ్డదని దీన్నిబట్టి అనుకోవద్దు. సర్కారే కట్టినా నల్లరేగడి నల్లరేగడే. నన్ను పట్టుకున్న సంగతి వేరు. నష్టం వస్తే ఎవరు భరించాలన్నది ఒప్పందంలో స్పష్టంగా ఉంది, సర్కారే భరించాలి. నష్టం రాకుండా చూడాల్సింది ఎవరన్నది మాత్రం ఎక్కడా లేదు.

ఒప్పందాల్లో ఇలా రాయకుండా మిగిలిపోయేదాని మీదే హార్వర్డ్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు ఆలివర్ హార్ట్ తన జీవితంలో పెద్ద భాగం ఖర్చు చేశారు. 2016లో ఆయనకు, ఎం.ఐ.టి.కి చెందిన బెంగ్ట్ హోల్మ్‌స్ట్రామ్‌కు కలిపి అర్థశాస్త్ర నోబెల్ బహుమతి వచ్చింది. హార్ట్ చెప్పినదాంట్లో గణితం చాలా ఉంది. సారం మాత్రం మన పల్లెల్లో ఎవరికైనా తెలిసిందే. ఏడాది కౌలుకు తీసుకున్న పొలానికి ఎవరూ చెరువు మట్టి తోలరు. విత్తనం వేస్తారు, ఎరువు వేస్తారు, ఈ ఏడు చేతికొచ్చేదానికి ఏం కావాలో అన్నీ చేస్తారు. చెరువు మట్టి ఫలితం మూడు నాలుగేళ్లు ఉంటుంది. అప్పటికి పొలం ఎవరి చేతిలో ఉంటుందో? "మట్టి తోలాలి" అని కౌలు కాగితంలో రాస్తే పది బండ్లు తోలేచోట నాలుగు తోలతారు. బండ్లెన్నో రాస్తే మట్టి ఎలాంటిదో రాయలేం. ఎంత రాసినా ఏదో ఒకటి మిగులుతుంది. ఆ మిగిలినదాని మీద మాట ఎవరిది? హార్ట్ దృష్టిలో యాజమాన్యం అంటే ఆ మాట చెల్లుబాటు చేసుకునే హక్కే.

1997లో ఆయన ఆండ్రే ష్లైఫర్, రాబర్ట్ విష్నీలతో కలిసి ఈ ఆలోచనను అమెరికాలోని ప్రైవేటు జైళ్లకు వర్తింపజేశారు. ఖర్చు తగ్గిస్తే మిగిలేది గుత్తేదారుకే గనుక అతను తగ్గిస్తాడు, చాలాసార్లు మంచి ఉపాయాలతోనే తగ్గిస్తాడు. కాని కాపలావాళ్ల శిక్షణ, ఓర్పు కాగితం మీద పెట్టలేని విషయాలు. కోత ముందు అక్కడే పడుతుంది. 2003లో మరో వ్యాసంలో హార్ట్ ఇంకొంచెం ముందుకెళ్లారు. అందించే సేవ ఎలా ఉండాలో స్పష్టంగా రాయగలిగి, కట్టడం ఎలా ఉండాలో రాయలేని చోట కట్టడాన్నీ నడపడాన్నీ ఒకరి చేతికే ఇవ్వడం మేలు. దీనికి విరుద్ధమైన పరిస్థితిలో కట్టేవాణ్ని, నడిపేవాణ్ని వేరుచేయడం మేలు. భాగస్వామ్యం కావాలా వద్దా అని చర్చావేదికల్లో రెండు పక్షాలుగా చీలి అరుచుకునే మనకు ఇది మంచి మందు. ముందు అడగాల్సింది, ఈ పనిలో ఏది రాయగలం, ఏది రాయలేం అని.

ఆలోచన గదిలోంచి రోడ్డు మీదకు వచ్చింది చిలీలో. దీని గురించి కాస్త నిదానంగా చెబుతాను, ఎందుకంటే ఒక విశ్వవిద్యాలయ విభాగం ఒక దేశపు చట్టం దాకా వెళ్లిన కథ ఇది.

కోనసీమలో పంచాయతీ రేవు పాట చూసినవాళ్లు మీలో ఉంటారు. పాటదారు ఏడాదికి ఇంత అని పాడతాడు. గోదావరి పొంగి నెల రోజులు పడవ ఆగితే, పాట సొమ్ము తగ్గించమని పంచాయతీ గడప ఎక్కుతాడు. టోలు రోడ్ల గుత్త కూడా ఇంతే. ఇన్నేళ్లని గడువు పెడతారు. ఆ ఏళ్లలో వాహనాలు ఎన్ని వస్తాయో పైవాడికే తెలియాలి. తగ్గితే గుత్తేదారు దివాళా అంటాడు, పెరిగితే కిక్కురుమనడు. చిలీ విశ్వవిద్యాలయంలో పనిచేసిన ఎడ్వర్డో ఎంగెల్, రొనాల్డ్ ఫిషర్, అలెగ్జాండర్ గాలెటోవిక్ గడువునే తీసేద్దామన్నారు. టోలు రేటు ప్రభుత్వం చెబుతుంది. నీకు మొత్తం మీద, నేటి విలువలో, ఎంత రాబడి కావాలో పాడు. తక్కువ పాడినవాడిది రోడ్డు. ఆ సొమ్ము పూర్తిగా వసూలయ్యేదాకా రోడ్డు నీ దగ్గరే ఉంటుంది. బండ్లు ఎక్కువ తిరిగితే త్వరగా ఇచ్చేస్తావు, తక్కువ తిరిగితే ఆలస్యంగా ఇస్తావు. వాహనాల రాకపోకలు గుత్తేదారు చేతిలో లేవు, ప్రభుత్వం చేతిలోనూ లేవు. ఎవరి చేతిలోనూ లేనిదాని కోసం ఎవర్నీ శిక్షించని పద్ధతి ఇది. 1998లో శాంటియాగో నుంచి వాల్పరైసో, వీనా డెల్ మార్‌ల వైపు వెళ్లే 68వ నంబరు రహదారిని ఇలాగే పాటకు పెట్టారు.

వాళ్లు అక్కడితో ఆగలేదు. ఈ ఉపన్యాసంలో నాకు అన్నిటికన్నా ముఖ్యమైనది తర్వాత చేసిన పని. తమ దేశంలో 1990ల నుంచి ఇచ్చిన గుత్తల కాగితాలు తీశారు. మొదటి ఒప్పందాలే కాదు, ఆ తర్వాత తలుపులు మూసుకుని చేసుకున్న సవరణలు కూడా. యాభై గుత్తల మొత్తం పెట్టుబడిలో దాదాపు నాలుగో వంతు ఇలాంటి సవరణల ద్వారా చేరిందే. చాలావాటికి పోటీ లేదు, ఇద్దరూ కూర్చుని తేల్చుకున్నవే. వాటి బిల్లులో పెద్ద భాగం తర్వాత వచ్చే ప్రభుత్వాల నెత్తిన పడింది. దీని మీద చర్చ నడిచి, 2010లో చిలీ తన గుత్తల చట్టాన్ని మార్చుకుంది. పెద్ద అదనపు పనులకు మళ్లీ పోటీ పాట పెట్టాలన్నారు, వివాదాలు చూడటానికి స్వతంత్ర నిపుణుల మండలిని నియమించారు.

చిలీ ఒక్కటే ఇలా లేదు. ప్రపంచ బ్యాంకు ఆర్థికవేత్త హోసే లూయిస్ గ్వాష్ 2004లో లాటిన్ అమెరికాలోని వెయ్యికి పైగా గుత్తలను పరిశీలించారు. రవాణాలో సగానికి పైగా, మంచినీటిలో దాదాపు నాలుగింట మూడు వంతులు గుత్తలు తిరగరాశారు. అదీ సగటున రెండేళ్లు కాస్త దాటగానే. ముప్ఫై ఏళ్ల కోసం రాసుకున్న కాగితాన్ని రెండేళ్లు దాటగానే తిరగరాయాల్సి వచ్చిందంటే, అసలు పాట ఎందుకు పాడినట్టు? మొదట ఆశపెట్టి దక్కించుకోవడం, తర్వాత సవరించుకోవడం అన్నది కొందరికి వ్యాపార పద్ధతే అయిందేమో అని పరిశోధకులకు అనుమానం వచ్చింది ఇక్కడే.

ఇప్పుడు హైదరాబాదుకు వద్దాం. మీలో చాలామంది ఇవాళ ఇక్కడికి వచ్చిన మెట్రో రైలు గురించే.

2008 జులైలో ఆ ప్రాజెక్టుకు పాట జరిగింది. మిగతా బిడ్డర్లు ప్రభుత్వం మాకు ఇంత సాయం ఇవ్వాలని అడిగారు. మేటాస్ ఇన్‌ఫ్రా నాయకత్వంలోని బృందం సాయం వద్దంది. పైగా తానే ప్రభుత్వానికి ఎదురు 30,311 కోట్లు ఇస్తానంది. నాకు బాగా గుర్తుంది, చాలామంది చప్పట్లు కొట్టారు. ఢిల్లీ మెట్రో నిర్మాత ఇ. శ్రీధరన్ మాత్రం ప్రణాళికా సంఘానికి ఉత్తరం రాసి, ఈ పద్ధతిలో లెక్కంతా భూముల మీద నడుస్తోందని హెచ్చరించారు. ఆయన మీద ప్రభుత్వం కోపగించుకుంది. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ కుంభకోణం బయటపడింది. సత్యం అధినేత కుటుంబానికే చెందిన మేటాస్ డబ్బు సమకూర్చుకోలేకపోయింది, గుత్త రద్దయింది. 1971లోనే అమెరికాలో ముగ్గురు చమురు ఇంజినీర్లు చెప్పిన మాట ఉంది. విలువ ఎవరికీ సరిగ్గా తెలియని వస్తువును పాటలో దక్కించుకునేది అందరికన్నా ఎక్కువగా పొరబడినవాడే. మేటాస్ పొరబడిందా, తర్వాత సవరించుకోవచ్చని లెక్క వేసుకుందా, భూములే చూసుకుందా? ఈ మూడింటిలో ఏదో తేల్చాలంటే మాస్టారు అడిగే కాగితమే కావాలి.

2010లో ఎల్ అండ్ టి 1,458 కోట్ల సాయంతో గుత్త దక్కించుకుంది. 35 ఏళ్ల గడువు. ఆ ఒప్పందం సెప్టెంబరులో సంతకమైంది. ఆ రోజు ఊహించనివి ఏమేం జరిగాయో చూడండి. 2014లో రాష్ట్రం రెండైంది. మార్గాలు మార్చాలన్న వాదం వచ్చి పని నెమ్మదించింది. 2017 నవంబరులో మొదటి రైలు కదిలింది, 2020 ఫిబ్రవరికి 69 కిలోమీటర్లు పూర్తయ్యాయి, మరుసటి నెలలోనే కరోనాతో రైళ్లు ఆగిపోయాయి. హైటెక్ సిటీ ఉద్యోగాలు ఇళ్లకు చేరాయి. 2023 డిసెంబరులో ఆర్టీసీ బస్సుల్లో మహిళలకు ఉచిత ప్రయాణం వచ్చింది. దానివల్ల మెట్రోకు ప్రయాణికులు తగ్గారని కంపెనీ అధికారులు బహిరంగంగానే అన్నారు. ఉచిత బస్సు మంచి పథకం, దాన్ని నేను తప్పుపట్టను. కాని ఒకే ప్రభుత్వం ఒక చేత్తో మెట్రోలో భాగస్వామి, ఇంకో చేత్తో పక్క రోడ్డులో దానికి పోటీదారు. దీన్ని 2010లో ఎవరు రాయగలరు? 2025 సెప్టెంబరులో, సుమారు 13,000 కోట్ల అప్పుతో సహా, మొదటి దశను తానే తీసుకోవడానికి తెలంగాణ ప్రభుత్వం సూత్రప్రాయంగా ఒప్పుకుంది. నాకు 1882 గుర్తొచ్చింది.

అన్నీ ఇలాగే ముగుస్తాయని అనను. 2005 ఆగస్టు 15న హైదరాబాదులో మొదలైన 108 అంబులెన్సు సేవను స్థాపించింది సత్యం అధినేతే. ఆయన జైలుకు వెళ్లిన రోజుల్లో కూడా ఆ బండ్లు ఆగలేదు. నడిపే ఖర్చులో ఎక్కువ భాగం ప్రభుత్వానిదే కావడం, ఆ నంబరు అప్పటికే జనానిది కావడం అందుకు కారణాలని నేననుకుంటాను. ఇంకొకటి కూడా ఉంది. ఫోను ఎప్పుడు వచ్చింది, బండి ఎప్పుడు చేరింది అన్నది నిమిషాల్లో రాయొచ్చు. హార్ట్ లెక్కలో అది రాయగలిగిన సేవ. బండిలో నొప్పులు పడుతున్న తల్లితో ఎలా మాట్లాడారన్నది రాయలేనిది. మన పరిశోధన అంతా నిమిషాల మీదే జరుగుతోంది, ఆ రెండోదాన్ని కూడా ఎవరైనా కొలవాలి.

ఇక మన విశ్వవిద్యాలయాల సంగతి. చిలీవాళ్ల దగ్గర మనకు లేని తెలివి ఏమీ లేదు. వాళ్ల చేతికి సవరణల కాగితాలు అందాయి. నా విద్యార్థిని ఒకామె మూడేళ్లుగా ఒక రహదారి గుత్త మీద పనిచేస్తోంది. మొదటి ఒప్పందం దొరికింది. తర్వాత చేసిన సవరణలు, వాటి వెనక జరిగిన ఉత్తర ప్రత్యుత్తరాలు కావాలని సమాచార హక్కు చట్టం కింద అడిగింది. వాణిజ్య గోప్యత అని జవాబు వచ్చింది. 2005 చట్టంలోని 8(1)(డి) అలాంటి మినహాయింపు ఇస్తుంది, నిజమే. విస్తృత ప్రజా ప్రయోజనం ఉంటే ఇవ్వొచ్చని కూడా అదే క్లాజు చెబుతుంది. టోలు కట్టేవాడికి తన టోలు ఎందుకు పెరిగిందో తెలియడం ప్రజా ప్రయోజనం కాకపోతే ఇంకేది అవుతుంది? మరో బాధ కూడా ఉంది, ఇది మనవాళ్ల గురించే. ఇలాంటి ఒప్పందాలకు ఉదయం సలహాదారుగా ఉండి, సాయంత్రం వాటినే అంచనా వేస్తూ వ్యాసం రాసే ఆచార్యులు పెరుగుతున్నారు. ఫీజు తీసుకోవడం తప్పని అనను. అదే ఒప్పందానికి పరీక్షకుడిగా కూర్చోవద్దని మాత్రం అంటాను. మాస్టారు తన జీవితంలో ఒక్క కన్సల్టెన్సీ కూడా ఒప్పుకోలేదు.

కె.సి. కాలువ కాగితాలు మాత్రం ఉన్నాయి. మద్రాసు ప్రెసిడెన్సీ రికార్డులు చెన్నై ఎగ్మూరులోని ఆర్కైవ్స్‌లో ఉంటాయి. అడిగితే ఇస్తారు, కూర్చుని చదువుకోవచ్చు. మాస్టారు అక్కడ రెండు వేసవులు గడిపారు. ఆ నోటు పుస్తకాలు, ముందు వరసలో కూర్చున్న మాస్టారింటి అమ్మగారు ఈ మధ్యే మా విభాగానికి ఇచ్చారు. నూట అరవై ఏళ్ల కిందటి లండను కంపెనీ హామీ నేను చదవగలను. పదేళ్ల కిందట మన ఊళ్ల మధ్య వేసిన రోడ్డు సవరణ నా విద్యార్థిని చదవలేకపోతోంది. ఆమె రెండో అప్పీలు సమాచార కమిషన్ దగ్గర ఉంది. సిద్ధాంత గ్రంథం ఈ మార్చిలోగా సమర్పించాలి. ఆమె ఆఖరి వరసలో కూర్చుని ఉంది, ఈ స్మారకోపన్యాస ధర్మనిధి వడ్డీలో ఈ ఏటి భాగాన్ని ఆమె అప్పీలు ఖర్చులకు, కమిషన్ చుట్టూ తిరిగే దారి ఖర్చులకు ఇవ్వాలని కమిటీని అడుగుతున్నాను. అమ్మగారు తల ఊపారు.