కెర్నెలు దస్తరములో నొక సర్దుబాటు



మీలో ననేకులు జేబునందుంచుకొని తిరుగు ఆండ్రాయిడ్ ఫోనులోపల లినక్సు అను కెర్నెలు కలదు. కెర్నెలనగా ఆపరేటింగు సిస్టమునకు నడిగింజ. ఇతర ప్రోగ్రాములన్నియు దాని నడిగియే మెమొరీని, డిస్కును వాడుకొనవలెను. ఫిన్లాండు దేశమున హెల్సింకీ విశ్వవిద్యాలయ విద్యార్థియగు లినస్ టోర్వాల్డ్స్ దీనిని 1991లో ప్రారంభించెను. ఇప్పుడు పలుదేశములవారు కలసి వ్రాయుచున్నారు. ఆ వ్రాతలో జరిగిన యొక సర్దుబాటును గూర్చి యీ పూట ముచ్చటించెదను. పైకి చూచిన, అది ఒక కట్టలోని కాగితమును వేఱొక కట్టకు మార్చుట మాత్రమే.

ముందు ఆపద యెట్టిదో చెప్పవలెను. ఒక ప్రోగ్రాము కెర్నెలుతో, "మెమొరీలో ఫలానాచోట నేనుంచిన మాటలు తీసికొని డిస్కుపై వ్రాయుము" అని కోరును. ఆ చిరునామాయే తప్పైనచో? తొలిదినములలో కెర్నెలు ప్రతిసారియు చిరునామాను పరీక్షించి, తరువాతనే అందు చేయిపెట్టెడిది. తప్పు చిరునామాలిచ్చు ప్రోగ్రాములు బహు కొద్ది. ఒక దొంగకై యూరివారి నందఱను సోదాచేసినట్లు కాలము వ్యర్థమగుచుండెను. 1996లో ఆ పద్ధతి మార్చిరి. పరీక్ష మాని నేరుగా చదువుటయే. చిరునామా చెడ్డదైనచో ప్రాసెసరే "పేజీ ఫాల్టు" అని కేకవేయును. అంతట కెర్నెలు ఒక పట్టికను తీసి చూచును. దానినే ఎక్సెప్షను టేబులందురు. వరుసకు ముఖ్యముగా రెండు పద్దులు: తప్పు జరుగవచ్చునని ముందే యెఱిగిన యాజ్ఞ యెచ్చటనున్నది, జరిగినచో నెచ్చటికి మరలవలెను. పట్టిక క్రమముగా పేర్చియుండును గనుక, నిఘంటువులో మాట వెదకునట్లు నడిమికి తెఱచి, సగము సగము తగ్గించుచు వెదకుదురు. వరుస దొరకినచో ఆ ప్రోగ్రామునకు "నీ చిరునామా తప్పు" అను జవాబు పోవును, అంతటితో సరి. దొరకకున్న నది కెర్నెలు దోషమే. "ఊప్స్" అని వ్రాసి ఆ పనిని చంపును. ఒక్కొక్కప్పుడు యంత్రమంతయు నిలిచిపోవును.

ఇక కాగితముల మాట. కెర్నెలు వేలకొలది ఫైళ్లుగా, ముఖ్యముగా సీ భాషలో వ్రాయబడినది. ఒక ఫైలులోని పనిముట్టును వేఱొక ఫైలు వాడవలెనన్న, ఆ పనిముట్టు పేరేమి, పుచ్చుకొనునదేమి, ఇచ్చునదేమి యను వివరము ముందుండవలెను. ఆ వివరపత్రమే హెడరు ఫైలు. ఫలానా హెడరును చేర్చుమన్న, కంపైలరు దానిని తుదివఱకు చదువును. అది మఱి పదింటిని చేర్చుకొన్నచో వానినిగూడ చదువును. పెండ్లికి ఒకని పిలిచిన వాని బలగమంతయు బండ్లు కట్టుకొని దిగినట్లు!

ఎక్సెప్షను పట్టికను వెదకు పనిముట్టు వివరము 2016 వఱకు మాడ్యూల్.హెచ్ అను పెద్ద హెడరులో నుండెను. మాడ్యూలనగా నడుచుచున్న కెర్నెలునకు పిమ్మట తగిలించు భాగము. మాడ్యూళ్లకును స్వంత పట్టికలుండును గనుక అది యచ్చట చేరెను, చేర్చినవారిని తప్పుపట్టలేము. కాని పేజీ ఫాల్టును విచారించు ఫైళ్లు ఆ యొక్క వివరమునకై మాడ్యూళ్ల భారమంతయు మోయవలసివచ్చెను. పూర్వము కరణములున్న దినములలో, ఒక్క పద్దు చూచుటకు దస్తరమంతయు విప్పించినట్లయ్యెను. 2016లో పాల్ గోర్ట్‌మేకర్ ఆ వివరములను వేఱుచేసి ఎక్స్‌టేబుల్.హెచ్ అను చిన్న హెడరులో పెట్టెను. దానిని వాడు ఫైళ్లను ఒక్కొక్క ప్రాసెసరు జాతి చొప్పున మార్చుచు వచ్చెను.

చిక్కెచ్చటనగా, పెద్ద హెడరును తీయగానే దాని చాటున వచ్చుచుండిన యితర వివరములును పోవును. కొన్ని ఫైళ్లు తమకు కావలసినది తామడుగక, పరుల బండిలో వచ్చిన సామానుతో కాలము గడపుచుండును. ఇంటెలు యంత్రమునకు చక్కగా తయారైనది ఆర్మునకో మిప్సునకో తయారుకాక యాగిపోవును. కావున నన్ని జాతులకును విడివిడిగా తయారుచేసి చూడవలెను. ఇట్లాగుట మేలే యందును. తప్పు కార్యశాలలోనే బయటపడును గాని మీ ఫోనులో గాదు.

తరువాత 2022 జనవరిలో ఇంగో మోల్నార్ హెడర్లన్నిటిని ఇట్లే విడదీయనెంచి, 2,200లకు మించిన సవరణలను ఒక్కసారి ముందుంచెను. కెర్నెలు తయారగు వేగము నూటికి ఏబది మొదలు ఎనుబది వఱకు హెచ్చునని యాయన లెక్క. ఆశ గొప్పదే, కాని యంతటి మూటను విప్పి సరిచూచువారెవ్వరు? అది మూటగా స్వీకరింపబడలేదు. గోర్ట్‌మేకరు పని యట్టిది కాదు. పెక్కు ఫైళ్లలో ఒక పంక్తి తీసి వేఱొక పంక్తి పెట్టుటయే గనుక, ఆయా ప్రాసెసరు జాతులను కనిపెట్టుకొనియుండువారు తమ భాగమును తాము చదివి సరిచూచుకొనుటకు వీలయ్యెను.