ధ్రువ సముద్రాల ఉప్పూ, వేడీ
(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ ఉదయం మనమంతా తిన్న పచ్చడిలో ఆరు రుచులుంటే అందులో ఉప్పు వొకటి. కార్యదర్శిగారు నన్ను ఏదైనా విజ్ఞాన విషయం కాసేపు మాట్లాడమన్నారు. ఉప్పు గురించే మాట్లాడతాను. అయితే వంటింటి ఉప్పు కాదు, ధ్రువాల దగ్గరి సముద్రాలలో వున్న ఉప్పు. దానితోపాటు ఆ నీళ్ళలోని వేడి. అంత దూరపు సంగతి మనకెందుకని ఎవరైనా అనుకుంటే, కాస్త ఓపిక పట్టమని ప్రార్థన.

పాలమూరు, నల్లగొండ, కరీంనగరు జిల్లాలనుంచి వచ్చిన మన కుటుంబాలలో చాలామంది సముద్రాన్ని మొదటిసారి చూసింది బొంబాయిలోనే. చౌపాటీలో కాళ్ళు తడుపుకుంటే నీళ్ళు గోరువెచ్చగా తగులుతాయి. కాని ఇదే అరేబియా సముద్రంలో బాగా లోపలికి పోయి, 3,000 మీటర్ల లోతుకు ఉష్ణమాపకం దించితే అది చూపించేది 2 డిగ్రీలకు అటూ ఇటూ. మన వైపు చలికాలం ఎంత గట్టిగా వచ్చినా సముద్రాన్ని అంతగా చల్లార్చలేదు గదా. మరి ఆ చలి ఎక్కడిది?

దక్షిణ ధ్రువంనుంచి నడిచి వచ్చింది. అది ఎట్లా నడుస్తుందో తెలియాలంటే కుల్ఫీవాడి కుండ చూడాలి. మంచుముక్కల మీద అతను ఉప్పు చల్లుతాడు. మంచినీరు 0 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది. ఉప్పు కలిస్తే ఇంకా కిందికి దిగితేగాని గడ్డకట్టదు. కిలో సముద్రపు నీటిలో సుమారు 35 గ్రాముల ఉప్పు వుంటుంది గనుక, ఆ నీరు సున్నకు కింద 1.8 డిగ్రీల దగ్గరగాని మంచు కాదు. ఇంకొక చిత్రం. మంచుగా మారేటప్పుడు నీరు ఉప్పును తనలో చాలావరకు వుండనివ్వదు, బయటికి నెట్టేస్తుంది. ఆ ఉప్పంతా కింద మిగిలిన నీటిలో చేరుతుంది. అసలే చల్లనిది, ఆపైన ఉప్పెక్కినది, కాబట్టి ఆ నీరు బరువై అడుగుకు దిగిపోతుంది. దిగి, సముద్రపు నేలను పట్టుకుని మెల్లగా ఉత్తరానికి పాకుతుంది. మనవైపు చేరడానికి వందల ఏళ్ళు పడుతుంది. లోతులో బతికే ప్రాణులకు ఊపిరి కూడా ఆ నీరే మోసుకువస్తుంది.

ఇట్లాంటి నీరు తయారయ్యే చోట్లు అంటార్కిటికా చుట్టూ కొన్నే వున్నాయి. వెడెల్ సముద్రం ఒకటి, రాస్ సముద్రం మరొకటి. కేప్ డార్న్లీ అనేచోట కూడా తయారవుతున్నదని 2013లో జపాన్ శాస్త్రజ్ఞులు చూపించారు. 2012లో మన ప్రభుత్వం నెలకొల్పిన ‘భారతి’ స్థావరం కూడా ఆ తీరపు వైపుననే, ప్రిడ్జ్ అఖాతం ఒడ్డున వున్నది.

ఉత్తర ధ్రువం కథ వేరు. అక్కడ అడుగున వెచ్చన, పైన చల్లన! నార్వే దేశస్థుడు నాన్సెన్ ‘ఫ్రామ్’ అనే తన ఓడను కావాలనే మంచులో ఇరికించాడు; 1893నుంచి 1896 దాకా ఆ ఓడ మంచుతోపాటు కొట్టుకుపోతుండగా లోతులు కొలిచారు. పైన గడ్డకట్టబోయేంత చల్లని నీరు. దాని కింద అట్లాంటిక్‌నుంచి వచ్చిన వెచ్చని నీరు. వెచ్చనిది పైకి ఎందుకు తేలలేదంటే, దానిలో ఉప్పెక్కువ. పైన వున్నది ఓబ్, యెనిసెయ్, లీనా వంటి పెద్ద నదులు తెచ్చిపోసిన చప్పని నీరు, తేలికైనది. బంగాళాఖాతంలో గంగా, బ్రహ్మపుత్ర, గోదావరి, కృష్ణల నీళ్ళు ఉప్పునీటి మీద తేలినట్లే. అందుకే మనవారి తూర్పు సముద్రం ఈ పడమటి సముద్రంకంటే చప్పన.

ఇక మార్పుల సంగతి. రాస్ సముద్రపు తీరంలో 1958నుంచి 2008 దాకా కొలిచి చూస్తే, ఉప్పు పదేళ్ళకు కిలోకు 0.03 గ్రాముల చొప్పున తగ్గుతూ వచ్చింది. చిటికెడు ఉప్పులో పదోవంతు! దీనికి ఇంత గొడవా అనిపించవచ్చు. కాని ఆ నీరు మునగాలో తేలాలో నిర్ణయించేది అంత చిన్న తేడాయే. పక్కనున్న అమండ్సెన్ సముద్రంలో హిమానీనదాల కిందికి వెచ్చని లోతునీరు దూరి మంచును కరిగిస్తున్నది. ఆ మంచినీరు కొట్టుకువచ్చి రాస్‌లో కలుస్తున్నదని శాస్త్రజ్ఞుల నిర్ణయం. అయితే లెక్క ఒకే దారిన పోలేదు. 2014 తర్వాత నాలుగైదేళ్ళు అక్కడ ఉప్పు మళ్ళీ చురుగ్గా పెరిగింది. నాలుగేళ్ళ అంకెలే చూసినవాడు ఏమీ జరగలేదనవచ్చు. యాభై ఏళ్ళు చూసినవాడు అట్లా అనడు. ఇంకోవైపు అడుగునీరు కొన్ని దశాబ్దాలుగా కొద్దికొద్దిగా వేడెక్కుతూనే వున్నది.

ఉత్తరాన 1960ల చివర ఇంకొక విడ్డూరం జరిగింది. ఆర్కిటిక్‌నుంచి మామూలుకంటే ఎక్కువ మంచూ, చప్పని నీరూ అట్లాంటిక్‌లోకి దిగివచ్చాయి. లాబ్రడార్ సముద్రంలో ఆ చప్పని నీరు మూతలా పరుచుకోవడంవల్ల రెండు మూడు శీతకాలాలు పైనీరు లోతుకు మునగడమే నిలిచిపోయింది. ఆ చప్పన ఉత్తర అట్లాంటిక్ అంతా చుట్టి, 1980ల మొదటికి తిరిగి నార్వే వైపు చేరింది. ఒక చప్పని మడుగు సముద్రంలో పదేళ్ళకు పైగా ప్రయాణం చేసిందని ఎట్లా తెలిసిందంటారు? ఒకేచోట నిలిచి కొలిచిన వాతావరణ ఓడలు వుండబట్టి. నార్వే సముద్రంలో అటువంటి ఓడ ఒకటి 1948నుంచి 2009 చివరిదాకా అదే స్థానంలో పనిచేసింది. నేను రిజిస్టర్ల మధ్య బతికేవాణ్ణి కాబట్టి ఈ సంగతి చదివినప్పుడు నాకు చాలా ముచ్చటేసింది. మధ్యలో పేజీలు ఖాళీ వున్న రిజిస్టరు తనిఖీకి దేనికీ కొరగాదు గదా.

ఇప్పుడు మనకెందుకన్న ప్రశ్న. ఫోరస్ అనే మాట పోర్చుగీసువారి భాషనుంచి వచ్చింది. బయట అని దాని అర్థం. సముద్రంనుంచి గెలుచుకున్న ఉప్పునేలల మీద కట్టే శిస్తుకు ఆ పేరుండేది. మహాలక్ష్మికీ వర్లీకీ మధ్యనుంచి పోటునీరు లోపలికి వచ్చి ఈ పల్లాలన్నీ ముంచేది. 1784 ప్రాంతంలో హార్న్‌బీ వెల్లార్డ్ అనే కట్ట పూర్తయ్యాక నేల బయటపడింది. తర్వాత వచ్చిన మన తెలుగు కూలీలను కామాఠీలన్నారు. వారి పేరనే కామాఠీపురా. అంటే మనం కాపురాలు చేస్తున్నది సముద్రం వదిలిన చోట. పెద్ద వానా, పెద్ద పోటూ ఒకే పూట వస్తే మురుగుకాలువల నీరు సముద్రంలోకి పోలేక మన చాళ్ళ కింది గదుల్లోకి వస్తుంది. ఇది ఎవరూ చెప్పనక్కరలేదు.

లోకంలో సముద్రమట్టం 1900నుంచి సుమారు జానెడు, అంటే 20 సెంటీమీటర్లు పెరిగింది. భూమి మీద అదనంగా చేరుతున్న వేడిలో నూటికి తొంభై పాళ్ళకు పైగా సముద్రమే మింగుతున్నది; వేడెక్కిన నీరు ఉబ్బుతుంది. సముద్రంలో తేలుతున్న మంచు కరిగితే మట్టం పెరగదనే చెప్పవచ్చు, గ్లాసులోని ఐసుముక్కలాగా. నేల మీది మంచు కరిగి జారితే పెరుగుతుంది. గ్రీన్‌లాండు, అంటార్కిటికాల నేలమంచు జోరుగా జారకుండా అడ్డుపడేవి ఒడ్డున సముద్రంలోకి చాచుకున్న మంచుపలకలు. వాటి అడుగును కొరికేది, నేను చెప్పిన ఆ వెచ్చని ఉప్పునీరు.

ఈ కొలతలలో మనవాళ్ళ చెయ్యి కూడా వున్నది. లోకమంతటా దాదాపు 4,000 ఆర్గో బోయలు పది రోజులకొకసారి 2,000 మీటర్ల లోతుకు మునిగి, పైకి వస్తూ వేడినీ ఉప్పునూ కొలిచి ఉపగ్రహానికి చెబుతాయి. మన దేశపు బోయల లెక్కలు చూసేది హైదరాబాదులోని సముద్ర సమాచార కేంద్రం. ఉత్తరాన స్వాల్‌బార్డ్ దీవులలో 2008లో ‘హిమాద్రి’ స్థావరం తెరిచారు. దాని ముంగిటి కాంగ్స్‌ఫ్యోర్డ్ అనే సముద్రపు పాయలో 2014 జులైలో, 192 మీటర్ల లోతున, ‘ఇండార్క్’ అనే పరికరాల గొలుసును లంగరు వేశారు. గోవా, చెన్నై, హైదరాబాదు కేంద్రాలవారు నార్వేవారితో కలిసి చేసిన పని. 2006నుంచి ఆ పాయలో శీతకాలపు మంచు బాగా తగ్గిపోయింది. అట్లాంటిక్ నీరు లోపలికి రావడమే ముఖ్య కారణం. ఆ నీరు ఏ నెలలో, ఏ లోతున, ఎంత వేడితో వస్తున్నదో ఇండార్క్ రాత్రింబగళ్ళు రాసుకుంటుంది.

మన పిల్లలలో లెక్కల్లో చురుకైనవారు చాలామంది వున్నారు. సముద్రశాస్త్రం ఎక్కడ చదవాలని అడుగుతుంటారు. బీయస్సీలో లెక్కలూ భౌతికశాస్త్రమూ తీసుకుంటే విశాఖపట్నంలో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు వున్నది. 1950లలోనే అక్కడ ఈ చదువు మొదలైంది. ధ్రువ పరిశోధన కేంద్రం గోవాలో, వాస్కోలో వున్నది. ఇక్కడినుంచి ఒక రాత్రి ప్రయాణం. బండ్ల వేళలు కావలసినవారు నన్ను అడగండి, చెబుతాను.