తుఫానుకు ముందే ఇల్లు సర్దుకుందాం



2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖ దగ్గర తీరం దాటినప్పుడు ఇంట్లో నేనూ, మా ఆవిడా ఇద్దరమే. తుఫాను వస్తోందని ముందుగానే చెప్పారు. బియ్యం, పప్పు, కొవ్వొత్తులు తెచ్చి అంతా సిద్ధమనుకున్నాను. కరెంటు పోయింది. మోటారు ఆడక నీళ్ళు ఆగాయి. ఫోన్లు మూగబోయాయి. ఏటీఎంలు పనిచెయ్యలేదు, జేబులో 120 రూపాయలు. అన్నిటికన్నా కష్టం, మా ఆవిడ ఇన్సులిన్ ఒక్క రోజుకే మిగిలింది. ఉద్యోగమంతా ఫైళ్ళు వరుసగా పెట్టిన గుమాస్తాను, ఆ ఒక్క సీసా చూసుకోలేదు! మర్నాడు పడిపోయిన చెట్లు దాటుకుంటూ నాలుగు మందుల షాపులు తిరిగితే గానీ దొరకలేదు. అరువిచ్చిన ఆ షాపాయనకు ఇప్పటికీ దణ్ణం పెడతాను.

అందుకే నా మనవి. అక్టోబరు, నవంబరు మనకు తుఫాన్ల నెలలు. పది రోజుల మందులు, డాక్టరు చీటీ, కొంత చిల్లర ముందే ఉంచండి. మనిషికి రోజుకు నాలుగు లీటర్ల చొప్పున మూడు రోజుల నీళ్ళు పట్టండి. పొయ్యి అవసరం లేని అటుకులు, బెల్లం, వేయించిన శనగపప్పు డబ్బాల్లో పొయ్యండి. టార్చి, అగ్గిపెట్టె, బ్యాటరీ రేడియో, పాలిథిన్ కవరులో చుట్టిన పి.పి.ఓ., బ్యాంకు పుస్తకం ఒకే సంచీలో పెట్టండి. కరెంటు పోతే ఇన్సులిన్‌ను తడిగుడ్డ చుట్టిన మట్టికుండలో, తడి తగలకుండా ఉంచవచ్చు. గాలి హఠాత్తుగా ఆగిందని బయటికి వెళ్ళకండి. తుఫాను కన్ను దాటాక ఎదురు దిక్కు నుంచి మళ్ళీ వీస్తుంది.

పక్కింట్లో ఒంటరి పెన్షనరుంటే వారి మందుల సంగతీ అడగండి. సెలవు.