విడి భాగములు - ఒక్క నాదము

హైదరాబాదు నగరమునకు పడమటి దిక్కున, మాదాపురము మొదలుకొని గచ్చిబౌలి, కొండాపురముల వరకును వ్యాపించిన ప్రదేశమును నేడు సైబరాబాదు అనుచున్నారు. 1998వ సంవత్సరము నవంబరు నెలలో నాటి ప్రధాని అటల్ బిహారీ వాజపేయి సైబర్ టవర్స్ భవనమును ప్రారంభించిన పిమ్మట, అచ్చటి రాతిగుట్టల నడుమ అద్దాల మేడలు ఒకదానివెంట ఒకటి లేచినవి. ఆ మేడలలో ఉద్యోగము చేయువారు దినమంతయు చేయు పని చేతికి తగులునది కాదు. తెరపై కనిపించి, తెర ఆరినంతనే కనుమరుగగునది. అట్టివారిలో కొందరు రాత్రివేళ ఇల్లు చేరి, సోల్డరింగు కడ్డీని వేడిచేసికొని, వేరువేరు చోట్ల నుండి తెప్పించిన భాగములను బల్లపై పరచి, తమ విద్యుత్ గిటారును తామే కూర్చుకొనుచున్నారు. ఈ పనిలోని మెలకువలేవి, లాభమేమి, ప్రమాదమేమి అను సంగతులను నేడు మనము ముచ్చటించుకొందము.

ముందుగా ఒక సందేహము తీర్చుకొనవలెను. వాద్యమనగా ఒక శిల్పి ఒక చెట్టును ఎన్నుకొని, తొలిచి, చెక్కి, తీర్చినది గదా. దానిని గడియారము వలె విప్పి బిగించుట ఎట్లు సాధ్యము? ఇందుకు సమాధానము అమెరికా దేశములోని ఒక రేడియో దుకాణములో కలదు. కాలిఫోర్నియా రాష్ట్రమున ఫుల్లర్‌టన్ అను ఊరిలో క్లారెన్స్ లియో ఫెండర్ అను ఆయన 1938లో రేడియోలు బాగుచేయు అంగడి తెరచెను. చెడిన భాగమును తీసి, క్రొత్తది వేసి, పెట్టెను తిరిగి పలికించుట ఆయన నిత్యకృత్యము. గిటారు విషయమునను ఆయన అట్లే ఆలోచించెను. గుల్ల లేని గట్టి చెక్కపలకను దేహముగా చేసి, దండిని జిగురుతో అతికింపక నాలుగు మరలతో బిగించెను. దండి అరిగిన యెడల మరలు విప్పి మరియొకటి వేసికొనవచ్చును. 1950లో వెలువడిన ఈ గిటారునకు పెట్టిన పేరు 'బ్రాడ్‌కాస్టర్'. ఆ పేరును పోలిన పేరుతో మరియొక సంస్థ డోళ్లను అమ్ముచుండుటచే, మరుసటి యేట అది 'టెలికాస్టర్' అయ్యెను. ప్రసారవృత్తిలో నున్న మాకు ఆ మొదటి పేరు పోవుట కొంచెము లోటుగనే తోచును.

నాలుగు మరలతో బిగించినది నాలుగు మరలతో ఊడును. ఈ చిన్న సంగతి నుండియే ఒక వర్తకము పుట్టినది. 1970వ దశకమున లారీ డిమార్జియో, సేమర్ డంకన్ మొదలగువారు గిటారు పికప్‌లను విడిగా చేసి అమ్మసాగిరి. దేహములను, దండులను విడిగా కోసి యిచ్చువారును బయలుదేరిరి. ఆ దశకము నడుమ, ఎడ్వర్డ్ వాన్ హేలెన్ అను యువకుడు కొంత లోపమున్నదని తక్కువ వెలకిచ్చిన దేహమును 50 డాలర్లకును, దండిని 80 డాలర్లకును కొని, వేరొక గిటారులోని పికప్‌ను అందులో అమర్చి, ఒక వాద్యమును సమకూర్చుకొనెను. చూచుటకు అతుకుల బొంతవలె నున్న ఆ గిటారు లోకప్రసిద్ధమయ్యెను. విడిభాగముల పనికి గౌరవము తెచ్చినది అదియే యనవచ్చును.

ఇక భాగముల మాట. వీణను ఎరిగిన మన ఇండ్లలో ఇవి క్రొత్తవి కావు. దండి యున్నది, దండిపై మెట్లున్నవి, ఒక కొనయందు మేరువు, రెండవ కొనయందు గుఱ్ఱము, తీగెలను బిగించుటకు బిరడాలు ఉన్నవి. వీణపై మెట్లను మైనముతో నిలిపి మేళము కట్టుదురు. గిటారు మెట్లు చెక్కలో నాటుకొని కదలక యుండును. కావున గిటారును కూర్చువాడు లెక్కకు కట్టుబడి యుండవలెను. ఫెండర్ పద్ధతి గిటారులో మేరువు నుండి గుఱ్ఱము వరకు తీగె పొడవు 648 మిల్లీమీటర్లు, అనగా ఇరువదియైదున్నర అంగుళములు. మొదటి మెట్టు మేరువునకు 36.4 మిల్లీమీటర్ల దూరమున నుండును. పండ్రెండవ మెట్టు సరిగా నడుమ, 324 మిల్లీమీటర్ల వద్ద నుండును. అచ్చట నొక్కిన తీగె తారస్థాయి స్వరము పలుకును. దేహముపై గుఱ్ఱము రెండు మూడు మిల్లీమీటర్లు వెనుకకు జరిగినచో ఆ స్వరము ఇంచుక దిగి పలుకును. గుఱ్ఱముపై గల చిన్న మరలు కొంతవరకు దీనిని సవరించును. వాని హద్దు దాటిన పొరపాటును ఏ మరయు సవరింపలేదు. గిబ్సన్ పద్ధతిలో తీగె పొడవు దాదాపు ఇరువది నాలుగు ముప్పాతిక అంగుళములే. ఒక పద్ధతి దండిని మరియొక పద్ధతికై రంధ్రములు వేసిన దేహమునకు బిగించినవాని గిటారు చూపునకు గిటారే. శ్రుతికి మాత్రము కాదు.

మెట్ల క్రింద లెక్క యున్నట్లే, తీగెల క్రింద విద్యుత్తు కలదు. పికప్ అనగా కొన్ని అయస్కాంతములు, వాని చుట్టును వేల చుట్లుగా చుట్టిన, వెంట్రుకవలె సన్నని రాగితీగె. ఉక్కు తంత్రి అయస్కాంతముపై కంపించినపుడు రాగితీగెలో స్వల్పమైన విద్యుత్తు పుట్టును. ఇది 1831లో మైఖేల్ ఫారడే కనుగొనిన సూత్రమే. ఆ విద్యుత్తు శబ్దమును హెచ్చించు తగ్గించు మీటను దాటి, ఆంప్లిఫయరును చేరును. ఆ మీట మన పాత రేడియోలలో త్రిప్పెడి మీట జాతిదే. హైదరాబాదులో కోఠీ వద్ద గుజరాతీ గల్లీలోని దుకాణములలో ఎలక్ట్రానిక్ సామాను కొనువారికి ఇట్టివి చిరపరిచితములు. ఒక్క చుట్టు గల పికప్ తంత్రినాదముతో పాటు ఇంటి కరెంటు యొక్క 50 సైకిళ్ల హోరును కూడ గ్రహించును. 1955లో గిబ్సన్ సంస్థలోని సేత్ లవర్ రెండు చుట్లను పరస్పర విరుద్ధముగా కలిపి, ఆ హోరు తనను తానే రద్దు చేసికొనునట్లు ఏర్పాటు చేసెను. రేడియోలో హోరును వినినవారికి దీని విలువ చెప్పనక్కరలేదు.

కొండాపురములో నివసించు ఒక యువ ఇంజనీరు చేసిన పని మేము దగ్గర నుండి చూచితిమి. గోదావరి జిల్లాలో ఉపాధ్యాయ వృత్తి నుండి విరమించిన తండ్రి అతనిని సూటిగనే అడిగెను: "ఆ డబ్బుకే మంచి గిటారు కొట్లో వస్తుంది కదరా, చెడిపోతే వాళ్లే బాగుచేసి ఇస్తారు. ఈ తంటా ఎందుకు?" ఆయన మాటలో అసత్యము లేదు. విడిభాగములతో కూర్చిన గిటారు ఒక్కొక్కప్పుడు సిద్ధముగా దొరకు గిటారు కంటె హెచ్చు ఖరీదగును. విదేశీ భాగములపై సుంకము తోడగును. తిరిగి అమ్మిన సగము ధరయు రాకపోవచ్చును. పొదుపు కొరకని ఈ పనికి దిగువారు దిగకుండుటయే మేలు. ఆ యువకునికి సమాధానము తోచలేదు. పైగా దేహము ఒక చోట, దండి వేరొక చోట కొనుటచే, దండి కూర్చుండవలసిన గాడి రెండు మిల్లీమీటర్లు వెడల్పయినది. మరలు బిగించినను దండి ప్రక్కకు ఒరిగి, ఒక అంచు తీగె మెట్లపై నుండి జారిపోవుచుండెను. నెలల తరబడి కూడబెట్టిన సొమ్ము బల్లపై మూగగా పడియుండెను.

అతడు దళసరి కాగితము మడిచి సందులో దూర్ప జూచెను. కాని మనసొప్పక, వీధి చివర తలుపులు, కిటికీలు చేయు వడ్రంగి వద్దకు దానిని కొనిపోయెను. ఆ మేస్త్రీ గిటారును పట్టుట అదియే మొదలు. గాడిలో వ్రేలు పెట్టి చూచి, "కాగితం పెడితె రెండు దినాలల్ల మళ్ల వదులైతది సార్. చెక్కకు చెక్కనే కట్టాలె" అనెను. తన వద్దనున్న గట్టి కర్ర నుండి రెండు పలుచని రేకులు తీసి, నారపోగు దిక్కు సరిచూచి, గాడి ఇరువైపుల అంటించి, దండిని దించి, తీసి, మరల గీకి, బలముగా నొక్కిననే దిగునంతవరకు విడువలేదు. "ఇప్పుడు మరలు తీసినా పడిపోదు చూడండి సార్" అని దేహమును పైకెత్తి చూపెను. దండి గాడిలో నిలిచియే యుండెను. యువకుడు కూలి ఎంత అని అడుగుచు, "నేర్పిస్తావా అన్నా?" అనెను. ఆ మాట విన్నపుడు తండ్రి ప్రశ్నకు సమాధానము దొరకినదని మాకు తోచినది. కొనిన గిటారు వలన అతనికి గిటారు మాత్రమే దక్కి యుండును. ఈ పని వలన, ఏ భాగము ఏల ఉన్నదో, ఏది చెడిన ఏమి చేయవలెనో ఎరుక దక్కెను. నేడు అతని తోటివారు శ్రుతి నిలువని తమ గిటారులను అతని బల్లపైకే తెచ్చుచున్నారు.

వాద్యమును తన అవసరమునకు మార్చుకొనుట మన తెలుగువారికి క్రొత్త కాదు. 1969లో పాలకొల్లులో జన్మించిన ఉప్పలపు శ్రీనివాస్ ఇందుకు గొప్ప నిదర్శనము. మాండలిన్ పాశ్చాత్య వాద్యము. దానికి నాలుగు జతలుగా ఎనిమిది తీగెలు. జంట తీగెలపై మన గమకములు పలుకుట కష్టము. శ్రీనివాస్ విద్యుత్ మాండలిన్‌ను స్వీకరించి, జతలను విడచి ఒంటి తీగెలుంచి, ఐదవ తీగెను చేర్చుకొనెను. 1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధనోత్సవములో ఆ బాలుడు చేసిన మొదటి కచేరీ మొదలు, 2014లో తన నలుబదియైదవ యేట కన్నుమూయు వరకును, ఆ చిన్న వాద్యము కర్ణాటక సంగీత వేదికపై గౌరవస్థానము వహించెను. వాద్యము విదేశీయమా, విద్యుత్తుతో పలుకునదా అను చర్చ ఆ నాదము ముందు నిలువలేదు.

మరియొక ప్రక్క బొబ్బిలి సమీపమున గొల్లపల్లి గ్రామములో సర్వసిద్ధి వంశీయులు పనస మ్రాను నుండి వీణను తీర్చు సంప్రదాయము కలదు. ఒకే మ్రానులో కుండ, దండి తొలిచిన ఏకాండి వీణకు వారు పేరొందిరి. ఏకాండి వీణకును, విడిభాగముల గిటారునకును పోలిక ఏమని కొందరనవచ్చును. అచ్చట శిల్పి చేయి చెట్టుతో మాటలాడును. ఇచ్చట కూర్చువాని చేయి అతుకుతో మాటలాడవలెను. అతుకు వద్ద అశ్రద్ధ చేసినవానికి అచ్చటను, ఇచ్చటను నాదము దక్కదు. ఇంకొక సంగతి. గిటారు దండిపై అంటించు నల్లని పలకలలో చాలభాగము రోజ్‌వుడ్, అనగా మన ఇరుగుడు చేవ. దక్షిణ భారతపు అడవుల కర్ర సముద్రములు దాటి, మెట్లు తొడిగించుకొని, సుంకము చెల్లించి మరల మన ముంగిటికి వచ్చుచున్నది. ఈ జాతి వృక్షముల అంతర్జాతీయ వర్తకముపై 2017లో కట్టుబాటు విధించిరి; పూర్తియైన వాద్యములకును, వాని భాగములకును 2019లో సడలింపు లభించెను. చెట్టు మనది, చేతిపని కూడ మనది కాగూడదా అని ఆలోచింపవలసి యున్నది.

ఇంటి పెద్దలకు మా మనవి యొకటి కలదు. గట్టి దేహపు గిటారు ఆంప్లిఫయరు లేనిదే ప్రక్కగదికైనను వినిపింపదు. కావున ఇరుకు ఫ్లాట్లలో పొరుగువారికి దీనివలన బాధ లేదు. భయపడవలసినది విద్యుత్తు విషయమున. గిటారు తంత్రులు గుఱ్ఱము ద్వారా ఆంప్లిఫయరు యొక్క ఎర్త్ తీగెతో కలసియుండును. గోడ సాకెట్‌లో ఎర్త్ లేకున్నను, మూడవ పిన్ను విరిచిన ప్లగ్గు వాడినను, ఆంప్లిఫయరులో దోషమేర్పడినపుడు ఆ కరెంటు తంత్రులలోనికే రావచ్చును. 1972 మే నెలలో వేల్స్ దేశపు స్వాన్సీ నగరమున లెస్ హార్వీ అను గిటారు వాదకుడు ఎర్త్ సరిగా లేని మైక్రోఫోనును తాకి వేదికపైననే మరణించెను. కావున మొదటి వ్యయము మంచి పికప్‌పై కాదు, ఎర్త్ పరీక్ష చేయించుటపై పెట్టవలెను. ఆంప్లిఫయరు పెట్టెను ఎరుగనివారు విప్పరాదు. ప్లగ్గు తీసిన తరువాత కూడ లోపలి కండెన్సర్లు విద్యుత్తును నిలిపియుంచును.

ఈ పనికి తొలిసారి పూనుకొనువారు దేహమును, దండిని ఒకే కొలతకు చేసినవారి వద్దనే కొనుడు. కొనుటకు ముందు తీగె పొడవును, గాడి వెడల్పును అడిగి వ్రాసికొనుడు. దండి అమరి, అంచు తీగెలు రెండును మెట్ల అంచులకు సమదూరమున నడచిన పిమ్మటనే పికప్‌ల మాట తలపెట్టుడు. ఎన్నడైన మీ ఇంట ప్రక్కగది నుండి సోల్డరు వాసన వచ్చినచో, పెద్దలు మొదట ప్లగ్గునకు మూడు పిన్నులున్నవో లేవో చూడుడు. ఉన్నచో కోపగింపక, కూర్చుండి, ఒక పాట వాయింపుమని అడుగుడు.