ఉద్యోగానికే విరమణ, దైవదాస్యానికి కాదు

సర్వలోకాల ప్రభువైన అల్లాహ్‌కే సకల స్తోత్రాలు. ఆయన అంతిమ ప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వ సల్లం)పై, ఆయన కుటుంబీకులపై, సహచరులపై శాంతి, శుభాలు కురియుగాక! అమ్మా బాద్.

ధార్మిక సోదరులారా!

మన మస్జిదులో జుహర్ నమాజు మొదటి వరుసలో ఈ మధ్య కొన్ని కొత్త ముఖాలు కనిపిస్తున్నాయి. నిన్నటి దాకా వీరు శుక్రవారం మాత్రమే, అదీ ఖుత్బా సగమైన తరువాత, గడియారం చూసుకుంటూ వచ్చేవారు. నేడు అజాన్‌కు ముందే వచ్చి గోడకు ఆనుకొని కూర్చుంటున్నారు. వీరు ఉద్యోగ విరమణ పొందినవారు. వారి రాక మాకు సంతోషమే. అయితే నమాజు ముగిసిన తరువాత కూడా, ఎటు వెళ్ళాలో తోచక అక్కడే కూర్చుండిపోయే ఆ ముఖాలను చూసినప్పుడు, వారి కోసం నాలుగు మాటలు చెప్పవలసిన బాధ్యత మాపై ఉన్నదని అనిపించింది. మేమూ యాభై దాటినవాళ్ళమే. ఈ మాటలు మాకూ అవసరమైనవే.

ప్రభుత్వోద్యోగుల విరమణ వయసును తెలంగాణలో 2021లో 61 ఏళ్ళకు, ఆంధ్రప్రదేశ్‌లో 2022లో 62 ఏళ్ళకు పెంచారు. ప్రభుత్వాలు ఆ గడువును వెనక్కు నెట్టగలవు గాని తొలగించలేవు. ఒకనాడు శాలువా కప్పి, పూలదండ వేసి సాగనంపుతారు. మరునాటి ఉదయం ఆ మనిషి అలవాటు చొప్పున లేస్తాడు, స్నానం చేస్తాడు, ఇస్త్రీ చొక్కా తొడుక్కుంటాడు. ఆ తరువాత ఏం చేయాలో తెలియక నిలబడిపోతాడు.

కొంతకాలం క్రితం ఆర్టీసీలో డ్రైవరుగా పనిచేసి విరమించిన ఒక పెద్దాయన మా వద్దకు వచ్చారు. "హజ్రత్! ఏళ్ళ తరబడి మొదటి ట్రిప్పు బస్సు నాదే. మూడున్నరకే లేచేవాణ్ణి. ఇప్పటికీ అదే వేళకు మెలకువ వస్తుంది. లేచి చీకట్లో కూర్చుంటాను. డిపో లేదు, బస్సు లేదు, నా కోసం ఎదురుచూసే ప్రయాణికుడు లేడు. అల్లాహ్ నన్నింకా ఎందుకు లేపుతున్నాడు?" అని అడిగారు.

అది తహజ్జుద్ వేళ అనీ, ఆ మెలకువ ఒక వరమనీ, మస్జిదులో ఎక్కువ సమయం గడపమనీ చెప్పి పంపించాము. ఆ సలహా తప్పు కాదు గాని, అది సగం సలహా అని రెండు నెలల తరువాత తెలిసింది. ఆయన భార్య మా ఇంటివారి ద్వారా కబురు పంపారు. "మస్జిదులో ఉన్నంతసేపు బాగానే ఉంటారు. ఇంటికొస్తే పోపుల డబ్బా మొదలుకొని కోడలు ఫోనులో మాట్లాడే తీరు దాకా అన్నీ తప్పులే. ఇన్నేళ్ళూ ఈ ఇల్లు నేనే నడిపాను. మౌలానా సాబ్ ఆయనకు ఒక్క మాట చెప్పాలి" అన్నది ఆ కబురు. మేము సిగ్గుపడ్డాము. ఆయనకు మస్జిదు దారి చూపించాము, ఇంటి దారి చూపించడం మరచిపోయాము. నేటి ప్రసంగం ఆ లోటును తీర్చుకొనే ప్రయత్నమే.

సోదరులారా! మొట్టమొదట గ్రహించవలసినది, తీరిక ఒక అమానతు. ఆరోగ్యం, తీరిక అనే రెండు వరాల విషయంలో చాలామంది నష్టపోతున్నారని దైవప్రవక్త (స) హెచ్చరించినట్లు హజ్రత్ ఇబ్నె అబ్బాస్ (రజి) ఉల్లేఖించిన హదీసు బుఖారీలో ఉన్నది. సరకు చేతిలో ఉండీ దాని విలువ తెలియక పోగొట్టుకొన్న వర్తకుని నష్టం వంటిది ఇది. దివ్యఖుర్ఆన్‌లోని సూరా ఇన్షిరాహ్ చివరన అల్లాహ్ తన ప్రవక్తకు, ఒక పని నుండి తీరిక లభించినప్పుడు మళ్ళీ శ్రమకు పూనుకోమని, తన ప్రభువు వైపే మనసు లగ్నం చేయమని ఆదేశించాడు. అంటే విశ్వాసికి ఒక పని ముగియడం మరొక పనికి ప్రారంభమే. హజ్రత్ అబూబక్ర్ సిద్దీఖ్ (రజి) ఖిలాఫత్ బాధ్యత స్వీకరించే నాటికి ఆయన వయసు సుమారు అరవై. ఆయన పాలన రెండేళ్ళకు పైచిలుకు మాత్రమే సాగింది. ఖుర్ఆన్‌ను ఒకచోట గ్రంథస్థం చేసే మహత్కార్యం ఆ కొద్దికాలంలోనే జరిగింది.

రెండవది ఇల్లు. దైవప్రవక్త (స) ఇంట్లో ఏం చేసేవారని అడిగినప్పుడు, ఇంటివారి పనుల్లో సహాయపడేవారని, నమాజు వేళ కాగానే బయలుదేరేవారని హజ్రత్ ఆయిషా (రజి) చెప్పారు. ఆయన ఇంట్లో సేవ చేశారు, తనిఖీ చేయలేదు. విరమించిన సోదరులారా! ఆఫీసులో మీరు ఎంత పెద్ద హోదాలో ఉన్నా, ఇంటిపనిలో మీరు నిన్న చేరిన ఉద్యోగి. అక్కడ సీనియరు మీ భార్య. ఏం చేయమంటావని ఆమెను అడగండి. కూరగాయలు తరగండి, మనవలను బడికి దింపండి. మన తల్లులకు, భార్యలకు ఏ జీవో కూడా విరమణ ఇవ్వలేదన్న సంగతి మరువకండి. మీ విశ్రాంతి వారికి అదనపు చాకిరీ కారాదు.

మూడవది లెక్కలు సరిచేసుకోవడం. గ్రాట్యుటీ, భవిష్యనిధి సొమ్ము చేతికి రాగానే ఇల్లు కట్టాలా, స్థలం కొనాలా అని ఆలోచిస్తాం. అంతకంటే ముందు తీర్చవలసిన బాకీలు ఉన్నాయి. నికాహ్ నాడు ఒప్పుకొన్న మెహర్ ఇంకా చెల్లించనివారు మనలో ఎందరు? అది భార్యకు మీరు పడ్డ అప్పు. మరణశయ్య మీద మాఫీ చేయించుకొనే లాంఛనం కాదు. తరువాత ఇతరుల అప్పులు, తప్పిపోయిన జకాత్, డ్యూటీ పేరుతో వదిలేసిన నమాజులు. ఆ సొమ్మును వడ్డీ పథకాలకు అప్పగించకండి. జకాత్ లెక్క ఒక్కొక్కరికి ఒక్కోవిధంగా ఉంటుంది గనుక ధర్మపండితులను సంప్రదించండి. వీలునామా రాసి ఉంచండి. అది ఆస్తిలో మూడవ వంతుకు మించరాదు, వారసుల పేర రాయరాదు. కుమార్తెల వాటాను అల్లాహ్ స్వయంగా నిర్ణయించాడు. కట్నం ఇచ్చామన్న సాకుతో దానిని ఎగవేసే హక్కు ఏ తండ్రికీ, ఏ అన్నకూ లేదు.

నాలుగవది నేర్చుకోవడం, నేర్పడం. డ్రైవరు పెద్దాయనతో మళ్ళీ మాట్లాడినప్పుడు ఆయన తలవంచుకొని ఒక మాట చెప్పారు. ఆయనకు ఖుర్ఆన్ చదవడం రాదు. ఈ వయసులో మక్తబ్ పిల్లల పక్కన కూర్చోవడానికి నామోషీ. తడబడుతూ, కష్టపడుతూ ఖుర్ఆన్ పఠించేవానికి రెండు ప్రతిఫలాలు ఉన్నాయన్న హదీసును ఆయనకు వినిపించాము. మరునాడు ఖాయిదా పట్టుకొని వచ్చారు. 'ఐన్' అక్షరం గొంతులో పలకక అవస్థ పడుతుంటే, పక్కనున్న ఎనిమిదేళ్ళ బాలుడు "దాదా, ఇలా" అని చూపించాడు. ఆయన నవ్వారు. విరమణ తరువాత ఆయన నవ్వగా మేము చూడడం అదే మొదటిసారి.

మీ ఉద్యోగం మీకు నేర్పిన విద్య కూడా వృథా కారాదు. గుమాస్తాగా పనిచేసినవారు మహల్లాలోని వితంతువులకు పింఛను దరఖాస్తులు నింపి ఇవ్వవచ్చు. ఉపాధ్యాయులు పదవ తరగతి పిల్లలకు లెక్కలు చెప్పవచ్చు. ఆసుపత్రిలో పనిచేసినవారు రోగులకు తోడు వెళ్ళవచ్చు. ఒక్క విన్నపం: పోయిన కుర్చీని మస్జిదు కమిటీలో వెతకకండి. ఇక్కడ చీపురు ఖాళీగా ఉంది, చెప్పుల వరుస సర్దే పని ఖాళీగా ఉంది. ప్రళయం ముంచుకొస్తున్నా చేతిలో మొక్క ఉన్నవాడు నాటగలిగితే నాటాలని బోధించిన ప్రవక్త అనుచరులం మనం. ఫలం తినేదాకా ఉంటామా అన్న ప్రశ్న మనది కాదు.

యువకులారా! మీకూ ఒక మాట. తండ్రిని కరెంటు బిల్లుకు, గ్యాసు బండకు పరిమితం చేయకండి. రోజుకు ఒక్కసారైనా "అబ్బా, దీనికి మీరేమంటారు?" అని అడగండి. ఆయన ఫోను మోగడం మానేసింది. మీరైనా మాట్లాడండి.

ఆ పెద్దాయన ఇప్పటికీ మూడున్నరకే లేస్తున్నారు. తహజ్జుద్ చదువుకొని, భార్యకు తానే చాయ్ కాచి ఇచ్చి, ఫజర్‌కు వస్తున్నారు. ఇంటి నుండి ఫిర్యాదు కబురు మళ్ళీ రాలేదు. అల్లాహ్ తనను ఇంకా ఎందుకు లేపుతున్నాడని ఇప్పుడు ఆయన అడగడం లేదు.

ఓ అల్లాహ్! మా ఆయుష్షులో ఉత్తమ భాగాన్ని దాని చివరి భాగంగా చేయి. మా ఆచరణల్లో ఉత్తమమైనవాటిని చివరి ఆచరణలుగా చేయి. వృద్ధాప్యంలో మమ్మల్ని ఇతరులకు భారం చేయకు. మా వల్ల మా ఇంటివారి కన్నులకు చల్లదనం ప్రసాదించు. ఆమీన్.